విజిల్ తీసేసిన పూట

నేను ఒక కుక్కర్‌ని. కర్మాగారంలో అల్యూమినియం రేకును ఒత్తి నాకు పొట్ట చేశారు, పిడి బిగించారు, నెత్తిన విజిల్ పెట్టి నోరిచ్చారు. రావులపాలెంలో సత్యవేణి వాళ్లమ్మ దగ్గర చాలాకాలం పప్పు ఉడికించాను. సత్యవేణి కాపురానికి వస్తూ నన్నూ ఈ ఇంటికి తెచ్చుకుంది. మనుషులు చిత్రమైనవాళ్లు. నేను అరిస్తే చెవులు మూసుకుంటారు, అరవకపోతే కంగారుపడతారు.

ఈమధ్య సత్యవేణికి కంగారు తప్ప ఇంకోటి లేదు. కూతురు దేవికకు రెండేళ్లు. జ్వరం తగ్గినా పిల్ల ముద్ద ముట్టడం లేదు. అంగన్‌వాడీలో తూచి, బరువు బాగా తగ్గిపోయిందన్నారు. మొన్న పక్కింటావిడ ఇచ్చిన అరటిపండు బ్రెడ్డు మాత్రం తనంతట తనే లాక్కుని తింది. సత్యవేణి వెంటనే వెళ్లి, అదెలా చేయాలో అడిగి వచ్చింది.

నల్లగా మగ్గిన పళ్లు చిదిమి, మైదా, బెల్లం, నూనె, వంటసోడా కలిపి గిన్నెలో పోసింది. నా అడుగున ఉప్పు పరిచి, దానిమీద స్టాండు వేసి గిన్నె దించింది. చుక్క నీళ్లు పోయలేదు. రబ్బరూ విజిలూ తీసేసింది. బ్రెడ్డుకి అలాగే చెయ్యాలట. నా నోరు నా ఎదురుగానే, ఉప్పు డబ్బా పక్కన పడి ఉంది.

ఇంతలో పిల్ల ఏడ్చింది. "అత్తయ్యా, కాస్త కుక్కర్ చూస్తుండండి" అని సత్యవేణి లోపలికి పరిగెత్తింది.

అత్తగారు నూకరత్నం గుమ్మంలో చిక్కుళ్లకు ఈనెలు తీస్తున్నారు. కుక్కర్ చూడటమంటే ఆవిడకు కూతలు వినడమే. లోపల బ్రెడ్డు పొంగింది, ఎర్రబడింది, వాసన మారింది. దించమ్మా అని చెప్పడానికి నాకు నోరేదీ? ఆవిడకేమో జలుబు.

"అయ్యో, మాడిపోతోంది అత్తయ్యా!" పిల్లను చంకనేసుకుని సత్యవేణి పరిగెత్తుకొచ్చింది.

"ఒక్క కూతైనా రాలేదు కదే అమ్మాయ్, ఇంకా ఉడకలేదనుకున్నాను."

"దీనికి కూత రాదండీ! విజిల్ తీసేశాను!"

"ఆ ముక్క నాతో చెప్పొద్దూ? మూగదానికి కాపలా పెట్టి పోతే నేనేం కాస్తాను?"

గిన్నె అడుగంతా బొగ్గు. పైనున్న మంచి పొర గీకి, ఊది చల్లార్చి, సత్యవేణి పిల్ల నోటికి అందించింది. పిల్ల నమిలింది. సత్యవేణి రెండో ముక్క తుంచి పట్టుకుంది.

"చేదు" అని ఉమ్మేసి పిల్ల మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

"నాకేదీ చేతకాదు" అంది సత్యవేణి, గోడతో అన్నట్టు.

నూకరత్నం గూట్లోకి చూశారు. "ఇంకో రెండు పళ్లున్నాయి. రేపటికి మగ్గుతాయిలే. ఈసారి పొయ్యి పక్కనే కూర్చుంటాను. కూత నేనే పెడతాను, సరేనా?"

సత్యవేణికి నవ్వు రాలేదు. రేపటికి పనికొస్తుందని ఉప్పు మాత్రం నాలోనే ఉంచింది. లోపల పిల్ల మళ్లీ ఏడుపు అందుకుంది. అది ఆకలి ఏడుపే. పాలగ్లాసు పట్టుకుని సత్యవేణి అటు వెళ్లింది. పొట్టలో వేడి ఉప్పుతో, నోరు లేకుండా, నేను గట్టుమీదే ఉండి వింటున్నాను.