చూపుకు అంటని కళ్ళకలక

బైండింగు షాపులో పనిచేసే తొమ్మిది మందిలో ఎనిమిది మందికి కళ్ళకలక వచ్చింది. రానిది ఒక్క బంక బాబాయికే. ఆయన ఏడుపంతా అదే.

బాబాయి పని పుస్తకాలకు అట్టలు అతికించడం. ముప్పై ఏళ్ళుగా అదే పని కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. పక్క ఊళ్ళో కూతురికి ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులైంది. భార్య ముందే అక్కడికెళ్ళి మకాం వేసి, మనవరాలి ముక్కు ఇలా ఉంది, గుప్పిళ్ళు అలా ఉన్నాయి అంటూ రోజూ ఫోన్లో ఊరిస్తోంది. ఈయనేమో బంక గిన్నె ముందు కూర్చుని ఉసూరుమంటున్నాడు. బడులు తెరిచే రోజులాయె, యజమాని సెలవన్న మాట వింటేనే ఒంటికాలి మీద లేస్తున్నాడు.

అంతటి యజమానికీ కళ్ళకలకంటే హడల్. ఎవరి కన్ను కాస్త ఎర్రబడినా అల్లంత దూరం నుంచే చెయ్యి ఊపి, ఐదు రోజులు ఈ ఛాయలకు రావద్దని తరిమేసేవాడు. అది చూశాక బాబాయికి దారి దొరికింది. కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే చాలు, అంటుకుంటుందని చిన్నప్పటినుంచీ వింటున్నదే కదా!

ఇక ఆయన ఆత్రం చూడాలి. ఎర్రకన్ను కనబడితే చాలు, పని వదిలేసి ఎదురుగా చేరి రెప్ప వేయకుండా చూసేవాడు. కటింగ్ మిషనాయన సిగ్గుపడి తల తిప్పుకుంటే, అటువైపు వెళ్ళి మరీ చూశాడు. కాగితాలు మడతపెట్టే అన్నదమ్ముల ఇంటికైతే పరామర్శ పేరుతో వెళ్ళి, ఇద్దరినీ చెరో పావుగంట చూసొచ్చాడు. ఏం లాభం? వారం తిరిగినా ఆయన కళ్ళు కడిగిన ముత్యాల్లాగే ఉన్నాయి.

చివరికి పుస్తకాలు కుట్టే అక్క వంతు వచ్చింది. ఆమె మొహం కడుక్కుని ఇంటికి బయల్దేరుతుంటే బాబాయి దారికి అడ్డంగా నిలబడి గుడ్లప్పగించాడు. సంగతేమిటని నిలదీస్తే ఉన్నదంతా చెప్పేశాడు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళొచ్చిన అక్కకు నవ్వాగలేదు.

"చూస్తే వచ్చేదైతే ఈపాటికి నీకు ఎనిమిదిసార్లు వచ్చుండేది బాబాయ్. కళ్ళు నలుపుకున్న చేతులతో, తుడుచుకున్న గుడ్డలతో వస్తుందంట. నువ్వేమో బంక అంటిందని గంటకోసారి సబ్బుతో చేతులు కడుగుతావ్. మా తువ్వాలు ముట్టుకోనే ముట్టుకోవు. నీకెందుకొస్తుంది?"

అక్క అప్పుడే మొహం తుడుచుకున్న తువ్వాలు కుళాయి పక్కన తడితడిగా వేలాడుతోంది. ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా బాబాయి దాన్ని అందుకుని మొహమంతా రుద్దుకున్నాడు. కళ్ళు మాత్రం రెండుసార్లు రుద్దుకున్నాడు.

మూడోనాడు పొద్దున్న లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో తను అతికించిన ఏ అట్టా ఇంత గట్టిగా అంటుకోలేదని మురిసిపోయాడు. యజమాని వీధిలోంచే వెనక్కి పంపించేశాడు. ఇంకేం, బాబాయి కాళ్ళు నేల మీద నిలవలేదు. బస్సులో వెనక సీట్లో ఒక్కడే, దేన్నీ తాకకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూతురి ఊళ్ళో దిగాడు.

తలుపు తీసిన భార్య ఆ కళ్ళు చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది. పసిగుడ్డున్న ఇంటికి ఈ మొహమేసుకుని ఎలా వచ్చావంటూ దులిపేసింది. అప్పుడు వెలిగింది బాబాయికి. సెలవెలా దొరుకుతుందా అన్న ధ్యాసే తప్ప, దొరికాక ఆ కళ్ళతో పసిపాప దగ్గరికి ఎలా వెళ్తాడో ఒక్కసారైనా ఆలోచించలేదు. గుమ్మం ముందు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

లోపలికి చూడొద్దు, ముందు కళ్ళు మూసుకో అంది భార్య. ఆ మాటకు మాత్రం ఆయనకు ఎక్కడలేని రోషం వచ్చింది.

"ముట్టుకోవద్దంటే ముట్టుకోను. గడప కూడా దాటను. కానీ చూస్తే అంటుకోదే! ఎనిమిది మందిని కళ్ళల్లో కళ్ళు పెట్టి చూశాను, నాకు తెలీదా?"

లోపల కూతురు విని పకపకా నవ్వింది. పాపనెత్తుకుని హాల్లో ఆ చివర కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. బాబాయి రెండు చేతులూ వెనక్కి పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు మండుతున్నాయి, దురద పెడుతున్నాయి, ధారగా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"కనిపిస్తోందా నాన్నా?" అని అడిగింది కూతురు.

"ఏమీ కనబడట్లేదమ్మా," అన్నాడు బాబాయి. "ఎంత బావుందో!"