ముందు కొన

పడవ ఎంచడంలో మా పాలెంలో ఎవరైనా నా తర్వాతే అని నాకొక పొగరు ఉండేది. ఆ పొగరుతోనే మా అక్క కామాక్షమ్మ కోసం బండి ఎంచడానికి పోయాను. ఏది కొన్నానో, ఏది వదిలేశానో చెప్తాను. విని మీరు నన్ను తిట్టుకున్నా సరే. నేను రోజూ తిట్టుకుంటూనే ఉన్నాను.

అక్క నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దది. నన్ను పెంచింది ఆమే. నలభై ఏళ్లు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్లకు నడిచింది. ఆ బరువంతా చివరికి నడుములోకి దిగింది. గంటకు మించి కూర్చోలేదు. పడుకుంటే నొప్పి తెలియదు. చక్కెర జబ్బు వల్ల మాటిమాటికీ బాత్రూంకు పోవాలి. ఇలాంటి మనిషి బస్సెక్కడం కలలోని మాట. రైల్లో పడుకోవచ్చు గానీ, స్టేషన్ దాకా, స్టేషన్ నుంచి మళ్లీ ఎక్కడికో ఆటోల్లో ఆ కుదుపులు ఆమె వల్ల కాదు.

ఒకరోజు మా అమ్మాయి ప్రత్యూష ఫోన్లో ఏదో వీడియో చూపించింది. పడమటి సముద్రంలో పొద్దు కుంకుతోంది. మాకు పొద్దు సముద్రంలో పుడుతుంది, సాయంత్రానికి సరుగుడు తోపుల వెనక్కి పోతుంది. నీళ్లలోకి దిగడం మేమెవరం చూడలేదు. అక్క ఆ వీడియోను నాలుగుసార్లు పెట్టించుకుంది.

"అంత పొద్దు నీళ్లలో పడితే చప్పుడు రాదా పాపా?" అని అడిగింది. తర్వాత నా వైపు తిరిగి, "ఒక్కసారి అది కళ్లతో చూడాలని ఉందిరా చిన్నా" అంది.

నా పేరు మస్తానయ్య. యాభై దగ్గర పడుతున్నా ఆమెకు నేను చిన్నానే. నాకు బుద్ధి తెలిశాక ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

దారి చూపింది నా భార్య సుభాషిణి. "సినిమావోళ్లకు ఉంటాయే, క్యారవాన్లు. మంచం ఉంటది, పొయ్యి ఉంటది, బాత్రూం ఉంటది. పాతది ఒకటి చూడు. వదిన పడుకోనే పోతాది. తర్వాత మనమూ నాలుగు ఊళ్లు తిరగొచ్చు" అంది. ఈ మాట పాలెంలో పొక్కింది. ఎదురుపడిన ప్రతివాడూ "షూటింగ్ ఎప్పుడన్నా? హీరోయిన్ ఎవురు?" అని అడిగేవాడు. నేనూ నవ్వేవాడిని. అప్పట్లో నవ్వడానికి నాకేం అడ్డం లేదు.

సూళ్లూరుపేటలో నరేంద్రబాబు గారని ఒక రిటైరైన ఆయన దగ్గర బండి ఉందని తెలిసింది. వ్యానును ఇల్లులాగా మార్పించుకుని భార్యాభర్తలిద్దరూ ఆరేళ్లు తిరిగారట. ఇప్పుడు కళ్లు సరిగా ఆనక అమ్మేస్తున్నారు. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున అక్కను, సుభాషిణిని తీసుకుని పోయాను. అక్క ఆటో వెనకసీట్లో కుదుపులు ఓర్చుకుంటూ సుభాషిణి ఒళ్లో తల పెట్టి ముడుచుకుని పడుకుంది.

పడవను చూసినట్టే ఆ బండినీ చూశాను. ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పు పట్టిందేమోనని కిందకు దూరి వేలి గణుపులతో కొట్టి చూశాను. లోపల చాప ఎత్తి చెమ్మ వాసన వస్తుందేమోనని మూచూశాను. పైకెక్కి రెండు బిందెల నీళ్లు కుమ్మరించి, లోపలికొచ్చి పావుగంట కూర్చున్నాను. చుక్క కారలేదు. నరేంద్రబాబు గారు ముచ్చటపడి, "ఇంత శ్రద్ధగా చూసేవాళ్లను నేను చూడలేదయ్యా" అన్నారు. నా ఛాతీ ఇంకో రెండు అంగుళాలు పెరిగింది.

బండి వెనకభాగమంతా ఒకటే మంచం. ఆయన అక్కను దాని మీద పడుకోబెట్టించి, వెనక తలుపులు రెండూ బార్లా తెరిచారు. అక్క పక్కకు తిరిగి పడుకుంది. ఎదురుగా వీధంతా కనిపిస్తోంది. ఒక మేక గోడమీది పోస్టరు తింటోంది. ఒకామె మజ్జిగ అమ్ముకుంటూ పోతోంది.

"ఒరే చిన్నా, పడుకోనే ఊరంతా చూస్తాండా రా!" అంది. అరగంట లేవలేదు. ఆ ముఖం చూసి సుభాషిణి నాకు సైగ చేసింది, మాట ఖాయం చెయ్యమని.

అప్పుడు నేను ముందుకు పోయాను. డ్రైవర్ సీటు వెనకే ఒక సన్నని తలుపు ఉంది. తెరిచాను. బాత్రూం.

పడవకు ముందు కొన గంగమ్మది. పసుపు కుంకుమ పెట్టేది అక్కడే, టెంకాయ కొట్టేది అక్కడే. అక్కడ చెప్పులు పెట్టం, ఉమ్మెయ్యం, కాలు చాపం. ఒక ఏడు మా పడవలో పనికి వచ్చిన కొత్తమనిషి ముందు కొన మీద కాళ్లు బార్లా చాపుకుని నిద్రపోయాడు. ఆ వారమే మోటారు ఊడి సముద్రంలో పడింది. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయని తర్వాత తెలిసింది. అయినా మేము అతని కాళ్లనే గుర్తు పెట్టుకున్నాం.

"ముందు కొనలో దొడ్డా సార్?" అన్నాను.

నరేంద్రబాబు గారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఓపిగ్గా చెప్పారు. "నీళ్ల ట్యాంకు బరువు వెనక పడితే బండి తోక ఊగుతుందయ్యా. అందుకని బాత్రూం ముందు పెట్టించాను. వెనక ఖాళీ ఉంటేనే తలుపులు తెరుచుకుంటాయి, మంచం మీంచి బయటికి చూడొచ్చు."

"మావోళ్లు ఒప్పుకోరు సార్."

"మావోళ్లు ఎవురయ్యా? నేనొప్పుకుంటాండా" అంది సుభాషిణి.

అక్క మంచం మీంచే పలికింది. "అది బండి రా చిన్నా. నీళ్ల మీద పోతాందా? గంగమ్మకు దీంతో ఏం పని?"

"నీకు తెలీదు, ఊరుకోక్కా! మొదటిసారి అంత దూరం పోతాండావు. దారిలో నీకేమన్నా అయితే ఎవురిది పూచీ?" అని అరిచాను. వీధిలో తిరిగొస్తున్న మజ్జిగామె కూడా ఆగి చూసింది.

ఇప్పుడు నిజం చెప్తాను. ఆ అరుపులో గంగమ్మ పావువంతే. ముగ్గురూ కలిసి నాకు బుద్ధి చెప్తున్నారే, పడవలు ఎంచే మస్తానయ్యకు చెప్తున్నారే అన్న మంట ముప్పావు. సరేలే అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ ఒక్క క్షణం నేను తగ్గలేదు.

అక్క మంచం మీద లేచి కూర్చుంది. సుభాషిణి చెయ్యి పట్టుకుని మెల్లగా దిగింది. దిగి, వెనక తలుపులు తనే మూసింది. "మంచి బండి బాబూ" అని నరేంద్రబాబు గారితో చెప్పింది.

మూడు వారాల తర్వాత మద్రాసు పొలిమేరలో ఒక షెడ్డులో ఇంకో బండి దొరికింది. దానికి బాత్రూం వెనక చివర. ముందు కొన శుభ్రంగా ఉంది. అడుగు కొట్టి చూశాను, చెమ్మ చూశాను, నీళ్లు పోసి చూశాను. అంతా బ్రహ్మాండం. మంచం మాత్రం విడిగా లేదు. పక్కనున్న సీటును దించితే అడుగున్నర వెడల్పు పలక అవుతుంది. కిటికీ దానికి చాలా పైన ఉంది. నేను పడుకుని చూశాను. పడవ పలకల మీద నిద్రపోయే ఒళ్లు నాది, హాయిగానే ఉంది. అంత దూరం ఎందుకులే అని అక్కను తీసుకుపోలేదు. ఎవరికోసమో వాళ్లే లేకుండా కొన్నాను.

బండికి ముందు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాను. ఆగస్టులో ఒక తెల్లవారుజామున బయల్దేరాం. తిరుపతి, బెంగుళూరు మీదుగా పడమటి సముద్రానికి నాలుగు రోజుల ప్రయాణం, ఆగి ఆగి పోదామని. పాలెమంతా వచ్చి సాగనంపింది.

నాయుడుపేట దాకా కూడా సరిగా పోలేదు. ప్రతి మలుపులో అక్క ఆ పలక మీంచి జారిపోతోంది. సుభాషిణి కింద కూర్చుని రెండు చేతులతో ఆపుతోంది. వెనక నీళ్ల బరువుకు బండి తోక ఊగుతోంది, అచ్చం నరేంద్రబాబు గారు చెప్పినట్టే. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను బండి ఆపి చూసేసరికి కొంగంతా తడిసి ఉంది.

"ఏం లేదురా, పోనీ. కిటికీలోంచి ఆకాశం బాగానే కనపడతాంది" అంది.

"బండి తిప్పుతావా, నన్ను దిగి నడవమంటావా?" అంది సుభాషిణి. తిప్పాను.

వానలు పడేనాటికి అక్క లేవడం మానేసింది. నెల్లూరు ఆసుపత్రిలో ఫోటోలు తీసి, వెన్నెముకలో ఒక ఎముక చిట్లిందని చెప్పారు. పాతదై ఉండొచ్చు, కొత్తదై ఉండొచ్చు, చెప్పలేమన్నారు. దూరప్రయాణం మాత్రం ఇక వద్దన్నారు. కొత్తదేనేమోనని నాకు ఈరోజుకీ అనుమానం. అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఆసుపత్రి వరండాలోంచే నరేంద్రబాబు గారికి ఫోన్ చేశాను. ఆ మంచమున్న బండైతే డాక్టరును మళ్లీ బతిమాలుకోవచ్చని ఒక పిచ్చి ఆశ.

"అయ్యో, మీరు వచ్చిపోయిన నాలుగో రోజే ఇచ్చేశానయ్యా. తిరుపతి వాళ్లు. మొన్ననే ఫోటో కూడా పంపారు, చూడండి" అని ఆయన మంచిమనసుతోనే నాకూ పంపారు. బార్లా తెరిచిన వెనక తలుపులు. మంచం మీద ఎవరివో రెండు జతల పాదాలు. వాటికెదురుగా సముద్రంలోకి సగం దిగిన పొద్దు.

ఆ ఫోటో అక్కకు చూపించలేదు. ఫోన్లోంచి తీసెయ్యనూ లేదు.

డిసెంబరు చివర్లో డాక్టరును అడిగితే, దగ్గరదగ్గరగా మెల్లగా పోయిరమ్మన్నారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సు నీళ్లే. చలికాలంలో పొద్దు నైరుతికి వాలి ఆ నీళ్ల మీదే కుంకుతుంది. బండి నేల మీద రెండు పరుపులు వేసి అక్కను పడుకోబెట్టాం. అలా కింద పడుకుంటే ఆమెకు కిటికీ కూడా కనిపించదు. దారంతా బండి కప్పు చూస్తూ వచ్చింది.

రోడ్డు వారన ఆపాను. వలలు సర్దుకుంటున్న ఇద్దరు వచ్చి చెయ్యి వేశారు. నలుగురం పరుపుతోనే ఆమెను దించి, నీళ్ల అంచున గట్టు మీద పెట్టాం. తల కింద దిండు మీద దిండు వేసింది సుభాషిణి.

పొద్దు ఎర్రబడింది. కిందకు దిగింది. నీళ్లను తాకింది. అక్క రెప్ప వెయ్యలేదు. చివరి ముక్క కూడా మునిగిపోయింది.

"చప్పుడు రాలేదురా" అంది.

"రాలేదక్కా."

"కాసిని ఆ నీళ్లు పట్టుకురా."

దోసిట్లో తెచ్చాను. ఆమె వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. నలభై ఏళ్లు ఉప్పుచేపలు అమ్మిన నాలిక అది.

"సగం ఉప్పే" అంది.

నేను తల వంచుకున్నాను. ఇది సముద్రం కాదక్కా, నావల్ల కాలేదక్కా, నన్ను క్షమించక్కా అని చెప్పాలి. మాటలకు బదులు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె తడి చెయ్యి నా తల మీద వేసింది.

"ఏడవబాక. పొద్దు నీళ్లలో పడింది గదా, చూసినా గదా. ఇంక పా, చలేస్తాంది."

మళ్లీ నలుగురం పరుపు ఎత్తాం. తలుపు దగ్గర ఆమెను లోపలికి తిప్పుతుంటే, అక్క నా చొక్కా పట్టుకుని లాగింది. కళ్లలో కొంటెతనం. చిన్నప్పుడు నన్ను ఏడిపించేటప్పుడు ఉండే కొంటెతనమే.

"చూసి పెట్టరా. నా కాళ్లు ముందు కొన తట్టు పెట్టబాక. గంగమ్మకు కోపమొస్తాది" అంది.

అని నవ్వింది. సుభాషిణీ నవ్వింది. సాయం పట్టినవాళ్లు, సంగతి తెలియకపోయినా, వాళ్లూ నవ్వారు. నేను అక్క కాళ్లు రెండూ పట్టుకుని, వాటిని ముందు కొన వైపే పెట్టి పడుకోబెట్టాను.