తబిత పెట్టిన తాళం

ఝపటాపూర్‌లో మా ఆఫీసు ఒక్కటే గది. నాలుగేళ్లుగా అక్కడ కోడు రాస్తున్నది నేను. నిన్నగాక మొన్న వచ్చిన తబితను మా ఓనరు జెఫ్రీ సార్ రెండో వారానికే నెత్తిన పెట్టుకున్నారు. నాకు కడుపు మండిపోయింది, అబద్ధమెందుకు?

రైల్వే పనులకని ఈ పరాయి రాష్ట్రానికి వలసొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల సంఘానికి వెబ్‌సైట్ తయారుచేస్తున్నాం. సభ్యుల ఆధార్ నంబర్లు కూడా అందులో ఎక్కుతాయి. ఇంకా తయారీలో ఉన్న సైటుకు తాళమెందుకని నేను మామూలు కనెక్షన్‌తోనే నడిపేసేదాన్ని. తబిత ఊరుకోలేదు. ఈ సైటు అసలైనదేనని చెప్పే సొంత సర్టిఫికెట్ ఒకటి తయారుచేసి, మా కంప్యూటర్లన్నిటికీ దాన్ని నమ్మమని చెప్పింది. అడ్రసు పక్కన తాళం గుర్తు వచ్చింది. ఇక మధ్యలో ఎవడు తొంగిచూసినా ఒక్క ముక్క అర్థం కాదు.

"భలే చేశావమ్మా!" అన్నారు సార్. నన్ను ఏనాడూ అంత మాట అనలేదు. శనివారం సంఘం పెద్ద తవిటయ్య తాత వచ్చి చూస్తాడనీ, ఆయనకు నచ్చితే తర్వాతి పని తబిత చేతికేననీ కూడా అన్నారు.

ఆ సర్టిఫికెట్‌ను మా కంప్యూటర్లు నమ్ముతాయి గానీ తాత ఫోను నమ్మదు. ముందే అందులో ఎక్కించాలి. తబితకు ఆ సంగతి తట్టలేదు. నాకు తట్టింది. నోరు విప్పలేదు. శనివారం దాకా మిగిలిన రెండు రోజులూ ఆఫీసు కింద దీదీ కొట్లో టీ కూడా రుచిగా అనిపించింది.

శనివారం ఆఫీసు వైఫైలో సైటు తెరవగానే తాత ఫోన్లో ఎర్రటి హెచ్చరిక. రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషి, ఎరుపు చూడగానే వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏటిది పిల్లా? నమ్మొద్దంతంది!"

తబిత మొహం పాలిపోయింది. "తప్పు నాదే తాతా. ఇది మేం సొంతంగా సేసుకున్న సర్టిఫికెట్. మీ ఫోన్లో ముందే ఎక్కించాల. మర్సిపోనాను."

తాత నావైపు తిరిగాడు. "నిన్ను పుట్టినకాడ్నించి ఎరుగుదును కిరణ్మయీ. నువ్వు సెప్పు. ఈ పిల్ల పని నమ్మొచ్చా?"

అవునంటే సరిపోయేది.

"నాకేటి తెల్సు తాతా! ఆ పని నాను సూడనేదు," అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ క్షణం!

తబిత సర్టిఫికెట్ తెరిచి చూపించింది. తాత కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "జారీ చేసినవారు... కిరణ్మయి."

సార్ నావైపు చూశారు.

"మా నాన్న పన్జేసే వర్క్‌షాపులో ఎవులు సేసినా పని కార్డు మీద పెద్ద మిస్త్రీ సంతకమే ఉంతాదక్కా," అంది తబిత మెల్లగా. "ఇక్కడ పెద్దోళ్లు మీరు కదా. అందుకే మీ పేరు పెట్టినాను."

తాత ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నీ పేరు మీద జరిగిన పని నువ్వే సూడనేదంతే ఎలాగమ్మా?"

నేను తల వంచుకున్నాను. "అక్కనేటీ అనొద్దు తాతా, అడక్కుండా పెట్టింది నాను," అంటూ తబిత అడ్డొచ్చింది. సిగ్గు పడాల్సింది పోయి, ఆ మంచిపేరు కూడా దానికే దక్కిందే అని కుళ్లుకున్నాను.