జడ కొసన నల్లదారం

ప్రతి ఆదివారం సాయంత్రం కెజియా జడలు విప్పడం నా పని. శుక్రవారం వంకర పాపిటతో వెళ్లిన నా కూతురు, వాళ్ల నాన్న దగ్గర రెండు రోజులుండి, చర్చికి వెళ్లి, నున్నటి జడలతో, ఎర్ర రిబ్బన్లతో తిరిగొస్తుంది. ఎవరు వేశారని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టే.

2013 వేసవిలో ఒక ఆదివారం. శంషాబాద్‌లోని మా కిరాయి గదిలో మనీషా కూర్చుని ఉంది. విడిపోయిన దంపతులు పిల్లల పెంపకాన్ని ఎలా పంచుకుంటున్నారో యూనివర్సిటీ కోసం పరిశోధన చేస్తోంది. తల్లికొక ఫారం, తండ్రికొక ఫారం. కెజియా నాన్న ఆషేర్‌ది నిన్ననే అత్తాపూర్‌లోని వాళ్లింట్లో నింపించుకుందట.

"స్నానం, వంట, హోంవర్క్, చివరికి జడలు కూడా ఆయనేనట మేడమ్! ఇలాంటి తండ్రిని నేనింతవరకూ చూడలేదు."

ఎయిర్‌పోర్టు కౌంటర్లో తెల్లవారుజామున ఐదింటి షిఫ్టు నాది. నిద్రలో తూగుతున్న పిల్లకు చేతికందినట్టు జడ వేసి, పక్కింటి చంద్రమ్మకు అప్పగించి పరిగెత్తుతాను. నా జడను ఎవరూ మెచ్చుకోలేదు. 'తల శుభ్రంగా దువ్వి పంపండి' అని టీచరు డైరీలో రాసింది. కెజియా పుట్టినప్పుడు పది రోజులు సెలవు పెట్టమని బతిమాలితే ఆషేర్ నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. "మగోనికి బాలింత సెలవేంది? కాటేదాన్ల మా ఫ్యాక్టరీ మొత్తం నవ్వుతది." ఆ మనిషి ఆరేళ్లకు దువ్వెన పట్టి మంచి తండ్రైపోయాడు! వారంలో సగం రోజులు పిల్ల తన దగ్గరే ఉండాలని కోర్టులో అడిగాడు. వచ్చే నెల వాయిదా. ఈ జడలు చూశాక జడ్జి నా మాట వింటాడా? అసలు కెజియా వింటుందా?

తలుపు చప్పుడైంది. ఆషేర్ గుమ్మంలో నిలబడ్డాడు. కెజియా వచ్చి నా ఒళ్లో కూలబడింది. కోపంగా రిబ్బను లాగాను. జడ ఊడలేదు. కొసన, ఇదివరకెప్పుడూ లేని నల్లదారం. మూడు చుట్లు, ఒక ముడి.

ఆ ముడి నాకు తెలుసు. బాలింతగా లేవలేక పడి ఉన్నప్పుడు మా అత్త యేసమ్మ నా తల దువ్వి ఇలాగే కట్టేది. "రిబ్బను జారినా జడ జారది బిడ్డా" అనేది. ఇప్పుడామెకు మోకాళ్లు వంగవు.

రెండో జడ విప్పి, దువ్వెన ఆషేర్ చేతికిచ్చాను.

"గీ జడ వెయ్యి."

"ఇప్పుడేంది జెరూషా? మేడమ్ ముందట పరేషాన్ చెయ్యకు."

"మేడమ్ చూడాల్ననే."

మూడు పాయలు తీయబోయి రెండు తీశాడు. కెజియా కిలకిలా నవ్వింది. "డాడీకి రాదు మమ్మీ! నానమ్మ ఏస్తది. డాడీ టీవీ చూస్తడు."

"ఎవలేస్తే ఏంది? మా అమ్మే గద!" అన్నాడు ఆషేర్.

ఇన్ని ఆదివారాలు నేను అసూయతో చచ్చింది ఈ మనిషిని చూసా!

"సగం రోజులు కావాలంటివి గద. జడ నీ చేతికి వచ్చిన్నాడు చెప్పు, కోర్టుల నేనే ఒప్పుకుంట."

మొదటి జడకు రిబ్బను తిరిగి కట్టాను. నల్లదారం విప్పలేదు. మనీషా వైపు తిరిగాను.

"ఇంకో ఫారం ఉందా? పైన తల్లి, తండ్రి రెండూ కొట్టేయండి. యేసమ్మ అని రాసుకోండి. రేపు అత్తాపూర్‌కు మిమ్మల్ని నేనే తీసుకపోత."