వద్దన్నకొద్దీ వచ్చిన కుర్చీ

విదాగ్దో గారికి ఒంట్లో ఓపిక అయిపోయింది. కుర్రతనంలో మధ్య జావా తరఫున బాడ్మింటన్ ఆడాడు. మోకాలు అరిగాక పిల్లలకి ఆట నేర్పాడు. నేర్పే గొంతు పోయాక జిల్లా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడంటే ఏముంది, నా మొహం! హాలు కప్పు కారితే ఆయనే, పెళ్ళివాళ్ళు హాలు అడిగితే ఆయనే, నెట్టు చిరిగితే ఆయనే. ఇప్పుడాయనకి ఉన్న కోరికల్లా ఒక్కటే. జనంలో ఒకడిగా కూర్చుని, వేయించిన అరటిపండు తింటూ, ఒక్క ఆట మొదటినుంచి చివరిదాకా చూడాలి.

ఆ ఆదివారం సంఘం ఎన్నిక. భార్య సుహార్తిని బతిక్ చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ, ఈసారైనా వదిలించుకుని రమ్మంది.

అక్కడ ఓట్లు వేసుకోవడం మోటు పని. ఎవరో పెద్దాయన పేరు ఎత్తుతారు, ఆయన నాకెందుకంటాడు, మళ్ళీ బతిమాలతారు, ఆయన తల వంచుతాడు, అందరూ చప్పట్లు కొడతారు. అడగ్గానే సరేనన్నవాడికి కుర్చీ పిచ్చి అని పేరు పడుతుంది. విదాగ్దో గారు ప్రతిసారీ వద్దన్నాడు, నిజంగానే వద్దన్నాడు. ఒక్కడు నమ్మితేనా!

ఈసారీ అదే వరస. ఓపిక లేదంటే ఎంత వినయమో అని ముచ్చటపడ్డారు. చూపు ఆనడం లేదంటే నవ్వారు. ఇక లాభం లేదని మర్యాద పక్కన పెట్టి లేచాడు.

"నేను చెయ్యను. చప్పట్లు కొట్టినా చెయ్యను, కాళ్ళు పట్టుకున్నా చెయ్యను. విసిగిపోయాను."

హాలు చల్లబడిపోయింది. అంత సూటిగా మాట్లాడిన పెద్దమనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదు. ఆయనకే సిగ్గేసింది, అయినా గుండె తేలికపడింది. కాసేపటికి అందరి చూపూ కుంచోరో మీదికి మళ్ళింది. కుంచోరో ఆయన శిష్యుడే, ఆయన తర్వాత కోచ్ అయ్యాడు. ఇప్పటికీ పిల్లలతో పాటు కోర్టులో చెమటోడ్చే రకం. ఎవరో అతని పేరు ఎత్తారు. అతను లేచి వచ్చి గురువు కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నా వల్ల కాదు మాష్టారూ. నాకు కోర్టు చాలు. దాన్నుంచి లాగేస్తే నేను బతకలేను."

చూశారా, గురువుకి తగ్గ శిష్యుడు అంది వెనకనుంచి ఒకావిడ. నవ్వులు లేచాయి. హమ్మయ్య, ఇది అందరికీ తెలిసిన తంతే. మళ్ళీ బతిమాలడం మొదలుపెట్టారు.

విదాగ్దో గారు శిష్యుడి మొహం చూశాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అది మర్యాదకి అన్న మాట కాదని ఆ హాల్లో ఆయనొక్కడికే తెలుసు. వాడు నిజంగానే వద్దంటున్నాడు, వదిలెయ్యండి అని ఒక్క మాటంటే చాలు. అంటే మాత్రం కుర్చీ మళ్ళీ తన నెత్తినే పడుతుంది. ఆయన చాలా అలిసిపోయి ఉన్నాడు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.