ఫ్యామిలీలకు మాత్రమే

ఈ ఊళ్లో అందరూ కలిసిమెలిసి ఉంటారని ఎవరైనా మైకు పట్టుకుని చెబితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎక్కదా మరి? ఎనభై ఏడు నుంచి మస్కట్‌లో కంపెనీ బస్సు నడుపుతున్నాను. ఇక్కడ ఎవరు ఎవరితో కలుస్తారో, ఎవరిని ఏ గేటు దగ్గర ఆపేస్తారో నా కళ్లతో చూస్తూనే ఉన్నాను. నా పేరు గంగాప్రసాద్. జగిత్యాల దగ్గర పల్లె మాది.

ఊరు మాత్రం చూడచక్కనిది, అబద్ధం చెప్పకూడదు. ఒక పక్క గడ్డిపోచ మొలవని రాతి కొండలు, ఇంకో పక్క సముద్రం. రెంటి మధ్యా దొరికిన జాగాలో ఊరు పొడుగ్గా సాగిపోయింది. పాత రేవున్న మత్రా, దుకాణాల రువీ, పెద్ద పెద్ద ఆఫీసుల ఖురం, అలా పోతూ ఉంటే ఘుబ్రా. మనుషుల సంగతి చెప్పనే అక్కర్లేదు. బలూచీలు, ఒకప్పుడు జాంజిబార్ నుంచి వచ్చిన ఒమానీలు, గుజరాతీ సేట్లు, మలయాళీలు, బెంగాలీలు, ఫిలిప్పీన్స్ నర్సులు. రొట్టెలు కొనేచోట ఒక భాష, గడ్డం గీయించుకునేచోట ఇంకో భాష. మాట్లాడుకోవడం వరకు బాగానే మాట్లాడుకుంటారు. పక్కన కూర్చోమంటేనే కాగితాలు అడుగుతారు.

మా కంపెనీ పనివాళ్లంతా ఉండే క్యాంపు ఘలాలో, కొండ కింద. పెద్ద రోడ్డు దాటితే అవతల ఘుబ్రా. మా రూమ్ పైకెక్కి నిలబడితే ఘుబ్రా బిల్డింగుల మీద నీళ్ల ట్యాంకులు కనిపిస్తాయి. సాయంత్రం డ్యూటీ దిగగానే మల్లేశం అక్కడికెక్కి నిలబడేవాడు. ఆ బిల్డింగుల్లో ఒక దాంట్లో అతని భార్య చిన్నవ్వ ఉండేది.

మల్లేశం మా పక్క ఊరివాడే. సైట్‌లో ఇనుప కడ్డీలు వంచి కట్టే పని. ఆ సైట్‌కి వచ్చే ఇంజనీరు విశ్వేశ్వరరావు గారిది కాకినాడ. ఇంట్లోకి నమ్మకమైన పనిమనిషి కావాలని ఆయన అంటుంటే విని, మావాడు సంబరంగా తన పెళ్లాం పేరు చెప్పాడు. ఆమె ఇక్కడికి వస్తే ఇద్దరమూ ఒకే ఊళ్లో ఉంటాం కదా అనుకున్నాడు పిచ్చి మాలోకం. పల్లెలో పుట్టినవాడికి ఊరంటే అంతే. ఈ చివర కేకేస్తే ఆ చివర వినబడుతుంది.

చిన్నవ్వ వచ్చింది. ఆమె వీసా సారు పేరు మీద, ఇతని వీసా కంపెనీ పేరు మీద. ఆమె పాస్‌పోర్టు సారు బీరువాలో. ఒక్కదాన్నే బయటికి వెళ్లనివ్వరు. క్యాంపులోకి ఆడవాళ్లు రాకూడదు. సారు ఇంటికి మల్లేశం వెళితే వాచ్‌మన్ కిందనే ఆపేస్తాడు. పైనుంచి సారు భార్య సీతాదేవి గారు ఇంటర్‌కమ్‌లో, "ఇప్పుడు పనుల్లో ఉందయ్యా, మళ్లీ రా" అంటుంది. ఆవిడ కోపంగా ఏమీ అనదు. కూరగాయలవాడికి రేపు రమ్మని చెప్పినట్టు చెబుతుంది.

ఒక శుక్రవారం చిన్నవ్వ సారు పిల్లల్ని తీసుకుని ఖురం పార్కుకు వెళుతోందని తెలిసి, మల్లేశాన్ని బస్సెక్కించుకుని పోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కూడా కొట్టుకున్నాడు. గేటు దగ్గర ఆపేశారు. ఇవాళ ఫ్యామిలీలకు మాత్రమే, బ్యాచిలర్లకు లేదన్నారు.

"బ్యాచిలర్ ఏందన్నా? నాకు పెండ్లైంది. అగో, గామెనే నా భార్య" అని వేలు పెట్టి చూపించాడు మల్లేశం.

లోపల చిన్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కాపలాదారు కార్డు అడిగాడు. చూసి, ఆమె ఎవరి వీసా అని అడిగాడు. ఇద్దరికీ కాగితాల మీద సంబంధం లేదు కాబట్టి ఫ్యామిలీ కాదని తేల్చేశాడు. ఆ పిల్లలకీ ఆమెకీ కాగితాల మీద సంబంధం ఉంది కాబట్టి వాళ్లు ముగ్గురూ ఫ్యామిలీ! ఎంత చక్కటి న్యాయమో చూడండి. కంచెకు ఇవతల అతను, అవతల ఆమె. పిల్లలు ఐస్‌క్రీమ్ అని గోల పెట్టేదాకా నిలబడి మాట్లాడుకున్నారు. నేను బస్సు దగ్గర నిలబడి ఎవర్ని తిట్టాలో తెలియక టైరును తన్నాను.

తొంభై నాలుగు దసరా ముందు విశ్వేశ్వరరావు గారి కారు మా క్యాంపు ముందు ఆగింది. ఆయన తెలుగువాళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఖురంలో సముద్రం పక్కనే ఒక క్లబ్బులో పెద్ద సభ పెడుతున్నారట. ఈ నగరంలో ఉన్న రకరకాల జనాల ఆటలు, పాటలు ఒకే వేదిక మీద చూపిస్తారట. మనవాళ్ల తరఫున బతుకమ్మ ఆడిస్తామని మాటిచ్చాడట. సంఘంలో ఆడవాళ్లు ఎవరికీ బతుకమ్మ పేర్చడం రాదు.

"మా చిన్నవ్వ నేర్పుతుందనుకో. పూలు మాత్రం మీరే తేవాలయ్యా. రువీలో ప్లాస్టిక్ పూలు చూశాం, బాగాలేవు" అన్నాడు.

మల్లేశం చేతులు కట్టుకుని నిలబడి, "తెస్తం సారూ. గని ఒక్క మాట. ఆ పొద్దు నేను, మా ఆమె పక్కపక్కన కూసోని చూడొచ్చునా?" అని అడిగాడు.

"అదేం మాటయ్యా! భేషుగ్గా కూర్చోండి. ముందు వరసలో కుర్చీలు వేయిస్తాను" అన్నాడు సారు.

ఆ ఒక్క మాట మీద మావాడు నేల మీద నడవలేదనుకోండి. సభకు ముందురోజు రుస్తాఖ్ వైపు సైట్ నుంచి తిరిగి వస్తూ, వాగు పక్కన ఎక్కడ పసుపుపచ్చగా కనిపిస్తే అక్కడ బస్సు ఆపమన్నాడు. అచ్చం తంగేడు కాదు గానీ దాని చుట్టమే. రాళ్ల మీద పాకుతూ, ముళ్లు గీరుకుంటూ క్యాంపు మొత్తం పూలు కోసింది. గన్నేర్లు, కాగితప్పూలు కూడా తెచ్చాం. నీళ్లు చల్లి తడిబట్టలు కప్పి తెల్లవారేసరికి సారు ఇంటికి చేర్చాను.

చిన్నవ్వ పొద్దున్నుంచి కూర్చుని నడుమెత్తు బతుకమ్మను పేర్చింది. పైన పసుపు గౌరమ్మను నిలిపింది. సత్తుపిండి చేసి స్టీలు డబ్బాలో పెట్టుకుంది. బస్సులో తీసుకెళుతుంటే పళ్లెం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"అన్నా, ఆయన ఏ చొక్క తొడుక్కున్నడు?" అని మాత్రం అడిగింది.

"ఇస్త్రీది. సెంటు గూడ కొట్టిండు" అన్నాను. నవ్వింది.

క్లబ్బు గేటు మీద బోర్డు: ఫ్యామిలీలకు మాత్రమే. మా క్యాంపువాళ్లను వరసగా అక్కడే ఆపేశారు. గేటు కాపలా వహీద్ బలూచీ మనిషి, నాకు తెలిసినవాడే. "ఏం చెయ్యను భాయ్, నాకిచ్చిన ఆర్డర్ ఇదీ" అని తల దించుకున్నాడు. మల్లేశం పేరు చెప్పినా, సారు మాటిచ్చాడని చెప్పినా ఏం లాభం లేకపోయింది. బతుకమ్మను, మైకు పెట్టెలను మొయ్యాలి కాబట్టి నన్ను మాత్రం వెనక దారిన రానిచ్చారు.

లోపల విశ్వేశ్వరరావు గారిని పట్టుకుని, "సార్, మల్లేశం బయటున్నడు" అన్నాను.

ఆయన చేతి గడియారం చూసుకుంటూ, "ఎవరూ? ఆ, అతనా! ఇప్పుడెలా కుదురుతుందయ్యా? ముందు వరసలో ఎంబసీ వాళ్లున్నారు. ఒక్కణ్ణి రానిస్తే అందరూ వస్తారు. వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు.

వచ్చే ఏడట! నోటిదాకా వచ్చిన మాటను పళ్ల కింద నలిపేశాను. సమాధానం చెబితే రేపు నా డ్యూటీ ఉండదు.

ఆట మొదలైంది. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు. చప్పట్లు ఒకరివి ముందు, ఒకరివి వెనక. పాట మాత్రం గుండె కదిలేలా వస్తోంది. ఎందుకంటే పాడుతున్నది చిన్నవ్వ. తెర వెనక మైకు ముందు నిలబెట్టారు ఆమెను. నూలుచీరతో స్టేజీ మీదికి వస్తే ఫోటోల్లో బాగుండదట. వీళ్లు పెదాలు కదుపుతున్నారు, ఆమె గొంతు వినబడుతోంది. పాడుతూనే తెర సందులోంచి ముందు వరస కుర్చీలు చూస్తోంది. మల్లేశం కోసమేనని నాకు తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె గొంతు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంది.

పాట అయ్యింది. చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి లేచి, ఈ నగరం అన్ని రంగుల పూలు ఒక్కచోట చేరిన బతుకమ్మ లాంటిదని మొదలుపెట్టాడు. ఒక రంగుకీ ఇంకో రంగుకీ తేడా లేదన్నాడు. గేటు బయట మావాళ్లు ఎండలో నిలబడి ఆ మాటలు లౌడ్‌స్పీకర్లో వింటున్నారు.

అప్పుడే సంఘంలోని ఒకావిడ హెయిర్ స్ప్రే డబ్బా తెచ్చి బతుకమ్మ మీద బుస్సుమని కొట్టసాగింది.

"ఏం జేస్తున్నరమ్మా?" అంది చిన్నవ్వ తెర వెనక నుంచి వచ్చి.

"వాడిపోకుండా. ఇంకో వారం దాకా ఇక్కడే మన సంఘం స్టాల్లో పెడతాం. వచ్చే శుక్రవారం ఇంకో సభ ఉంది కదా, దీన్నే వాడుకోవచ్చు" అంది సీతాదేవి గారు.

"ఆడినంక నీళ్లల్ల సాగనంపాలె గదమ్మా. గౌరమ్మను గాజు పెట్టెల పెట్టుకుంటరా?"

"అబ్బా, అవన్నీ ఇక్కడెవరు చూస్తారు? నువ్వెళ్లి ప్లేట్లు సర్దు."

చిన్నవ్వ కొంగు నడుముకు దోపుకుంది. పళ్లెం ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ముఖ్య అతిథి మాట్లాడుతూండగానే, స్టేజీ మెట్లు దిగి, ముందు వరస ముందు నుంచే నడుచుకుంటూ బయటికి వెళ్లింది. మైకు దగ్గర మాట ఆగిపోయింది. శభాష్ చెల్లే అని గట్టిగానే అన్నాను. విన్నవాళ్లు విననీ.

వహీద్ చిన్న తలుపు కాదు, పెద్ద గేటు రెండు రెక్కలూ తెరిచాడు.

సముద్రం ఒడ్డున ఇసుకలో బతుకమ్మను దించి, చిన్నవ్వ ఒక్కతే చుట్టూ తిరిగి ఆడింది. మగవాళ్లు దూరంగా నిలబడ్డారు. అది ఆడవాళ్ల ఆట, అందులో దూరకూడదని అందరికీ తెలుసు. పొద్దు కుంకుతోంది. పాటయ్యాక మల్లేశం వచ్చి పళ్లెం అందుకుని, నడుములోతు నీళ్లలోకి పోయి బతుకమ్మను వదిలాడు. ఇస్త్రీ చొక్కా అంతా తడిసిపోయింది. తిరిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా కంచె లేకుండా వాళ్లను చూడటం నాకదే మొదటిసారి.

సత్తుపిండి డబ్బా మూత తీసి చిన్నవ్వ చుట్టూ చూసింది. వాయినం ఇవ్వాలంటే ఇంకో ముత్తైదువ ఉండాలి. అక్కడున్న వాళ్లంతా మగవాళ్లే.

ఇంతలో కారు వచ్చి రోడ్డు పక్కన ఆగింది. విశ్వేశ్వరరావు గారు స్టీరింగు ముందే కూర్చున్నాడు. సీతాదేవి గారు పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని ఇసుకలోకి వచ్చింది.

"ఏమిటే ఈ పని? అంతమందిలో మా పరువు తీశావు కదే! పద, కారెక్కు. రాత్రికి ఎంబసీ వాళ్లు భోజనాలకి వస్తున్నారు."

చిన్నవ్వ దోసెడు సత్తుపిండి తీసి, "ఇస్తినమ్మ వాయినం" అంటూ చేయి చాపింది.

"ఇప్పుడా? ఇంటికెళ్లాక తీసుకుంటాలే. డబ్బా కార్లో పెట్టు."

"ఇంటికాడ నేను మీ పనిమనిషినమ్మా. ఆడ నేనేమిచ్చినా పనిమనిషి ఇచ్చిందే అయితది. ఈడ నా మొగని పక్కన నిలబడ్డ. ఈడ నేను ముత్తైదువను. ఈడనే తీస్కోండ్రి."

సీతాదేవి గారు మల్లేశం వైపు తిరిగింది. నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాడు. "ఇతనేనా మీ ఆయన?" అంది. ఎన్నిసార్లో కింద నుంచే తిప్పి పంపించిన మనిషి ముఖం ఆవిడ అప్పుడు చూసింది. మెల్లగా పట్టుకొంగు పట్టింది. "పుచ్చుకుంటినమ్మ వాయినం" అంది.

హారన్ మోగింది. ఆగకుండా మోగింది. విశ్వేశ్వరరావు గారు అద్దం దించి కేకేశాడు.

"సీతా, దాన్ని ఎక్కించు! ఎక్కకపోతే రేపే వీసా క్యాన్సిల్ చేసి విమానం ఎక్కిస్తానని చెప్పు!"

చిన్నవ్వ కదల్లేదు. మల్లేశం చేతిలో సత్తుపిండి పెట్టి, అక్కడి నుంచే చెప్పింది.

"పంపియ్యుండ్రి సారూ. మా ఊర్లె ఉంటె, నడుమ సముద్రమున్నది, ఆయన ఎట్లొస్తడని మనసుకు జెప్పుకుంట. ఈడ నడుమ ఒక్క రోడ్డే గదా సారూ. ఏమని జెప్పుకోవాలె?"

హారన్ ఆగింది.