మార్లిస్ రాసిన మంచి మాట

మార్లిస్ లాహ్తీ క్లోకే అనే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో పదహారేళ్ళు పనిచేసింది. ముసలివాళ్ళ చేత పేకాడించడం, పాటలు పాడించడం, మంచు కరగ్గానే కుండీల్లో టమాటా నారు పెట్టించడం ఆమె పని. ఆడుకోడానికి జీతం తీసుకునే మనిషిని ఇంకెక్కడా చూడలేదని ఆమె అన్నలు ఎగతాళి చేసేవారు.

ఒక చలికాలం అక్కడ ఎల్సీ అనే పెద్దావిడ పేకముక్కల్లో ఎరుపు, నలుపు కలిపేయడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళుగా ఆడుతున్న ఆట అది. "ఈవిడకేదో అవుతోంది" అని మార్లిస్ నర్సుకు చెప్పింది. నర్సు తలూపి ఊరుకుంది. సర్టిఫికెట్ లేనివాళ్ళ మాట కేసు కాగితాల్లోకి ఎక్కదు. పన్నెండో రోజున ఎల్సీ స్నానాలగదిలో పడిపోయింది. మెదడులో కణితి అన్నారు.

ఆ వారంలోనే మార్లిస్ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. రిక్రియేషన్ థెరపీ అనే చదువు, అంటే రోగికి ఇష్టమైన పనితోనే రోగికి వైద్యం చేసే విద్య. పని మానకుండా ఐదేళ్ళు చదివింది. చివరికి పద్నాలుగు వారాల ఇంటర్న్‌షిప్ మిగిలింది, ఆ తర్వాత సర్టిఫికెట్ పరీక్ష. డులూత్‌లోని ఒక పునరావాస ఆసుపత్రిలో చేరింది. పని నేర్పే ఇంగ్రిడ్ టోర్గెసన్ ఆమెకంటే పదమూడేళ్ళు చిన్నది.

నవంబరు మొదట్లో ఆల్బిన్ కోస్మాచ్ వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బివాబిక్ దగ్గర ఇనుప గనిలో భారీ యంత్రాలు నడిపి రిటైరయ్యాడు. పక్షవాతంతో ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"ఏమ్మాయ్, బింగో ఆడించడానికొచ్చావా? దానికి కూడా డిగ్రీ ఉంటుందా?" అన్నాడు మార్లిస్‌ని చూడగానే.

"ఉంటుందండీ. ఐదేళ్ళు పట్టింది."

"పాపం, డాక్టరే అయిపోవాల్సింది. అటు జరుగు, కిటికీకి అడ్డం."

నాలుగు రోజులు దేనికీ రానన్నాడు. ఐదో రోజు భార్య జోరా గదిబయట చెప్పింది. "ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో పోల్కా నాట్యాల పాటలు వాయించాడమ్మా. అకార్డియన్ కారులోనే ఉంది. తెచ్చానని తెలిస్తే నన్ను తిడతాడు."

మార్లిస్ ఆ గాలితిత్తి వాద్యాన్ని తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. ఆల్బిన్ మొహం ఎర్రబడింది. "తీసెయ్. తిత్తి లాగే చెయ్యి చచ్చింది. కనబడట్లా?"

"మెట్లు నొక్కే చెయ్యి బాగానే ఉందిగా. తిత్తి నేను లాగుతాను."

"నువ్వా! ఆవు పాలు పిండడం కాదది."

ఆమె ఎడమవైపు కుర్చీ లాక్కుని కూర్చుని తిత్తి లాగింది. వాద్యం జబ్బుపడ్డ దూడలా అరిచింది. ఆల్బిన్ నవ్వాపుకోలేకపోయాడు. ఆసుపత్రికొచ్చాక అదే మొదటి నవ్వని జోరా తర్వాత చెప్పింది.

ఆ రోజునుంచి మధ్యాహ్నం రెండు కొట్టేసరికి చక్రాల కుర్చీలో తయారుగా ఉండేవాడు. "నెమ్మదిగా, నెమ్మదిగా! పెళ్ళికూతురు నడుస్తోందనుకో, పరిగెత్తట్లేదు" అని కేకలేసేవాడు. పక్షవాతం వచ్చాక ఎడమవైపు లోకమే లేనట్టుండే మనిషి, మార్లిస్ తప్పుచేస్తే తిట్టడానికి తల అటు తిప్పడం నేర్చుకున్నాడు. రెండో వారంలో ఆమె అతని ఎడమ చేతిని తిత్తి పట్టీలో దూర్చి, పైన తన చెయ్యి వేసింది. వేళ్ళు కదిలాయి. మూడో వారం మొదట్లో పక్క గదులవాళ్ళు వచ్చి కూర్చుంటే అరగంట వాయించాడు.

మార్లిస్ అన్నీ రాసింది. ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు తల తిప్పాడు, ఎడమ చెయ్యి ఎంతసేపు పట్టు నిలిపింది, అన్నీ. తన పేరు కింద ఇంగ్రిడ్ సంతకం పడి ఆ మాటలు కేసు కాగితాల్లోకి వెళ్తుంటే ఒళ్ళు పులకరించేది. ఇంగ్రిడ్ కూడా ముచ్చటపడింది. "ఇంత బాగా రాసే ఇంటర్న్ నాకింతవరకు తగల్లేదండీ."

రెండు రోజుల తర్వాత అదే ఇంగ్రిడ్ చేతిలో ఒక కాగితంతో వచ్చింది. మొహం బాగాలేదు.

"ఆల్బిన్ గారిని బుధవారం పంపించెయ్యాలి. వైద్యానికి పెట్టుకున్న లక్ష్యాలన్నీ నెరవేరాయి కాబట్టి ఆసుపత్రి అవసరం లేదంటున్నారు ఇన్సూరెన్స్ వాళ్ళు."

"ఇప్పుడిప్పుడే కదా చెయ్యి కదుపుతున్నాడు! ఎవరన్నారు నెరవేరాయని?"

ఇంగ్రిడ్ కాగితం అందించింది. అందులో మార్లిస్ వాక్యాలే ఉన్నాయి, తేదీలతో సహా.

మార్లిస్ కాగితం బల్లమీద పెట్టేసింది. "మళ్ళీ రాస్తాను. కొంచెం తగ్గించి."

"జరిగిందే రాస్తామండీ మనం. లేకపోతే రేపు ఎవరూ మన మాట నమ్మరు."

ఇంగ్రిడ్ డాక్టరు చేత అప్పీలు పెట్టించింది. మర్నాటికే కాదన్నారు.

వెళ్ళేరోజు ఆల్బిన్ కోటు తొడిగించుకుంటూ నవ్వాడు. "నా గురించి తెగ పొగిడావటగా కాగితాల్లో. ఒక్క అబద్ధం రాసుండకూడదూ, మహాతల్లీ!"

అందరూ నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది. తర్వాత దుప్పట్లుంచే గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

ఆల్బిన్ ఇల్లున్న బివాబిక్ దగ్గర్లో ఆ వైద్యం చేసేవాళ్ళు లేరు. జోరా చేతులకు కీళ్ళనొప్పులు, తిత్తి లాగలేదు. "శనివారం శనివారం నేనొస్తాను" అంది మార్లిస్. అది పనిలో భాగం కాదు. సొంతంగా ఇచ్చిన మాట.

రెండు శనివారాలు వెళ్ళింది. జోరా అక్రోట్లు పెట్టి చుట్టిన పొటీట్సా రొట్టె కోసి పెట్టింది. ఆల్బిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వాయించాడు. మూడో శనివారం మంచు తుఫానుతో రోడ్డు మూసేశారు. నాలుగోది ఇంటర్న్‌షిప్ చివరి నివేదికకు పోయింది. ఆ తర్వాత క్రిస్మస్, ఆ వెనకే పరీక్ష చదువు. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాడమ్మా, నువ్వు చదువుకో" అనేది జోరా. ఈ ఒక్క పరీక్ష అయిపోనీ అనుకుంది మార్లిస్.

జనవరి ఆఖరున పరీక్ష రాసింది. రోగి ఇంటికెళ్ళాక అతని వైద్యం తెగిపోకుండా ఎలా చూడాలన్నదాని మీద నాలుగైదు ప్రశ్నలొచ్చాయి. అన్నిటికీ సరైన జవాబులు తెలుసు. పాసైందని అక్కడికక్కడే తేలింది. మర్నాడు పొద్దున్నే కారు తీసింది.

జోరా తలుపు సగమే తెరిచింది. "పడుకున్నాడమ్మా."

లోపల ఆల్బిన్ దగ్గడం వినిపించింది. జోరా కళ్ళు దించుకుంది. గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వు రాకపోయినా నాలుగు శనివారాలు చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఐదోసారి ఇస్త్రీ చెయ్యొద్దన్నాడు. ఇప్పుడు మంచం దిగట్లేదు. నీకెలా చెప్పను? పరీక్షాయె నీకు."

తర్వాతి శనివారమూ మార్లిస్ వెళ్ళింది. తలుపు దగ్గర్నించే తిరిగొచ్చింది. ఆపై వారం మళ్ళీ వెళితే లోపలికి రమ్మన్నాడు. చిక్కిపోయి ఉన్నాడు. ఎడమ చెయ్యి ముడుచుకుపోయి గుండెలకు అతుక్కుంది.

"పాసయ్యావట."

"అయ్యానండీ. నన్ను..."

"క్షమించమని మాత్రం అనకు. ఓపిక లేదు." కిటికీ వైపు తిరిగాడు. "ఇప్పుడు నువ్వు సర్టిఫికెట్ ఉన్నదానివి. అయితే చెప్పు. పొద్దున్నే నిద్ర లేస్తానా, మళ్ళీ చీకటి పడేదాకా నేనేం చెయ్యను?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు. మార్లిస్ ఐదేళ్ళు చదివిందంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. ఆమె కుర్చీని అతని ఎడమవైపుకు లాక్కుంది. ఇద్దరూ మంచు మీద ఎగురుతున్న పిట్టల్ని చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అతను నిద్రపోయాడు.

ఆ తర్వాత ఒక్క వారమూ మానలేదామె. వాయించమని అడగలేదు. మార్చి రెండో వారంలో న్యుమోనియాతో ఆల్బిన్ పోయాడు. నేల గడ్డకట్టి ఉండటంతో మే నెలదాకా ఆగి పూడ్చారు. డులూత్ ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరి అప్పటికి నెల కాలేదు, అయినా సెలవడిగి వెళ్ళింది మార్లిస్. వాన తుంపర పడుతోంది. సమాధి దగ్గర జోరా ఆమె చెయ్యి పట్టుకుని, మిగతావాళ్ళంతా కార్లెక్కాక కూడా వదల్లేదు.